గుండెమంట మందుల అర: ఏ సీసా ఏ కారణాన్ని తాకుతుంది?

రాత్రి తొమ్మిది దాటాక భీమవరంలోనైనా అమలాపురంలోనైనా మెడికల్ షాపు ముందు కాసేపు నిలబడితే ఒక మాట తప్పకుండా వినబడుతుంది. "గ్యాస్ బిళ్ళ ఒకటి ఇవ్వండి." కౌంటరు అవతలాయన ఏ ప్రశ్నా వెయ్యకుండానే చెయ్యి వెనక్కి చాపుతాడు. ఆ చేతికి అందే అరలో ఈనో పొట్లాలుంటాయి, డైజీన్, జెలూసిల్ సీసాలుంటాయి, ఒమెజ్, పాన్‌-40 షీట్లుంటాయి, వాటి పక్కనే పాన్‌-డి ఉంటుంది. ఇంకాస్త పెద్ద షాపైతే ఓ మూల గావిస్కాన్ కూడా కనిపిస్తుంది.

ఈ సమీక్ష ఆ అర మీదే. ఒక్కో సరుకు ఏం చేస్తుంది, ఎంతసేపు చేస్తుంది, ఏది దాని చేతిలో లేదు అన్నది చెబుతాం. అయితే సరుకు దగ్గరికి వెళ్ళేముందు మంట ఎందుకొస్తుందో తేలాలి. ఆ అరలో ఉన్నవి దాదాపు అన్నీ ఆమ్లం సంగతి చూసేవే. వారానికి రెండు మూడు రోజులు, నెలల తరబడి ఛాతీ మండేవాళ్ళలో చాలామందికి అసలు ఇబ్బంది ఆమ్లం ఎక్కువై వచ్చింది కాదు.

మొగల్తూరు, అంతర్వేది వైపు రైతులకి ఈ విషయం ఒక్క మాటలో అర్థమవుతుంది. మురుగు కాలవ చివర తూము తలుపు సరిగ్గా పడకపోతే, పోటు వచ్చినప్పుడు ఉప్పునీరు ఎదురెక్కి చేలోకి వస్తుంది. సముద్రంలో ఉప్పు ఎప్పుడూ ఉండేదే. చెడింది తలుపు. మనిషి పొట్టలో కూడా ఘాటైన ఆమ్లం రోజూ ఊరుతూనే ఉంటుంది, ఊరాలి కూడా. పొట్ట లోపలి గోడకి జిగురు పొర ఉంది కాబట్టి తట్టుకుంటుంది. పైనున్న అన్నవాహికకి అంత రక్షణ లేదు. రెండింటి మధ్య మూడు నాలుగు సెంటీమీటర్ల పొడవున ఒక కండరాల వలయం బిగిసి ఉంటుంది. మనం మింగినప్పుడు అది తెరుచుకుని మళ్ళీ మూసుకుంటుంది. దానికి చుట్టూ పట్టీలాగా ఉదరవితానం, అంటే ఊపిరి తీసేటప్పుడు కదిలే డయాఫ్రమ్ కండరం, బయటి నుంచి బలం ఇస్తుంది. ఈ రెండూ ఒకేచోట ఉన్నంతవరకూ తలుపు గట్టిగా ఉంటుంది.

ఈ తలుపు వదులు కావడానికి దారులు చాలా ఉన్నాయి, అందులో అన్నిటికంటే మామూలుది కడుపు మరీ నిండటం. పొట్ట పైభాగం సాగినప్పుడు అక్కడి నరాలు మెదడుకి కబురు పంపుతాయి, మింగుడుతో పనిలేకుండానే ఆ వలయం పది సెకన్లో ఇంకా ఎక్కువసేపో వదులవుతుంది. త్రేన్పు బయటికి రావడానికి శరీరం పెట్టుకున్న ఏర్పాటే ఇది. పెళ్ళి భోజనంలో బూరెలూ పులిహోరా పెరుగన్నమూ తిని, పైన గోలీ సోడా తాగితే ఈ తలుపు పదేపదే తెరుచుకుంటుంది. గాలితో పాటు పుల్లటి నీళ్ళూ పైకొస్తాయి. మొదట్లో వలయానికి ఏ జబ్బూ ఉండదు. ఏళ్ళ తరబడి ఇదే సాగితేనూ, పొట్ట పెరిగితేనూ అది నిజంగా బలహీనపడుతుంది.

రెండోది కింది నుంచి వచ్చే ఒత్తిడి. నడుం చుట్టూ కొవ్వు పెరిగినవాళ్ళకి, కడుపుతో ఉన్నవాళ్ళకి పొట్ట లోపలి ఒత్తిడి ఎప్పుడూ ఎక్కువే. గర్భిణులకి హార్మోన్ల వల్ల వలయం కూడా వదులవుతుంది. మనవాళ్ళకి నడుం కొలత మగవాళ్ళలో 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళలో 80 దాటితే ఎక్కువ కిందే లెక్క. కొలతతో పాటు కట్టు కూడా చూసుకోవాలి. లంగా బొందు వేలు దూరనంత బిగించి, తిన్న అరగంటకే వంగి కలుపు తీసే మనిషికి పొట్టలోది పైకి రాక ఎక్కడికి పోతుంది? బొందు రెండు వేళ్ళు దూరేంత వదులు చేసి, వంగే పని తిన్న గంటన్నర రెండు గంటల తర్వాతకి జరిపితే కొందరికి ఏ మందూ లేకుండానే సగం బాధ పోతుంది. బెల్టు పెట్టేవాళ్ళకీ ఇదే మాట.

మూడోది పొట్ట పైభాగం డయాఫ్రమ్ కన్నం గుండా ఛాతీలోకి జారడం. దీన్ని హయాటస్ హెర్నియా అంటారు. లోపలి వలయమూ బయటి పట్టీ విడిపోతాయి కాబట్టి తలుపు పట్టు సగం పోతుంది. ఇది ఎండోస్కోపీలో, అంటే నోట్లోంచి కెమెరా గొట్టం దించి చూసే పరీక్షలో, కనబడుతుంది. చిన్నదైతే కంగారు లేదు, పెద్దదైతే మందులతో పూర్తిగా తీరదని తెలుసుకోవాలి.

ఇక పొట్ట ఆలస్యంగా ఖాళీ కావడం. మామూలు భోజనం కిందికి దిగడానికి మూడు నాలుగు గంటలు పడుతుంది, నూనె ఎక్కువైతే ఇంకా ఎక్కువ. పదేళ్ళ నుంచి షుగరు అదుపులో లేనివాళ్ళలో కొందరికి పొట్టని నడిపే నరాలు దెబ్బతిని, పొద్దున తిన్నది సాయంత్రానికీ కదలదు. రొయ్యల చెరువుల దగ్గర కాపలా ఉండేవాళ్ళ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. రాత్రి ఏరియేటర్లు చూసుకుంటూ పదకొండింటికి తిని, గుడిసెలో అలాగే నడుం వాలుస్తారు. నిండుపొట్టతో పడుకున్నప్పుడు భూమ్యాకర్షణ సాయం ఉండదు, నిద్రలో లాలాజలమూ దాదాపు ఆగిపోతుంది. మెలకువలో ఉంటే మింగిన ప్రతి గుక్కా అన్నవాహికని కడుగుతుంది. నిద్రలో పైకొచ్చిన ఆమ్లం అక్కడే నిలబడుతుంది. అందుకే పగటి మంట కంటే రాత్రి మంట పుండ్లు ఎక్కువ చేస్తుంది. చేతనైతే వీళ్ళు ఏడున్నరకి కడుపునిండా తినేసి, పదకొండింటికి ఆకలైతే ఒక అరటిపండుతో సరిపెట్టుకోవడం మేలు.

ఆవకాయ సంగతి అందరూ అడుగుతారు. కారం ఆమ్లాన్ని పెంచి మంట తేదు. మిరపలో ఉండే క్యాప్సైసిన్ వేడిని పసిగట్టే నరాలనే నేరుగా తట్టి లేపుతుంది. అప్పటికే ఆమ్లం తగిలి పచ్చిగా ఉన్న అన్నవాహిక మీద అది పడితే భగ్గుమంటుంది. కాబట్టి తలుపు బాగున్నవాడు ఎర్రటి ముద్దలు తిన్నా ఏమీ కాదు, తలుపు చెడినవాడికి పచ్చడి నాకితే చాలు. మంట ఉన్నన్నాళ్ళూ కారం, చింతపండు పులుసులు తగ్గించి, లోపల మానాక మళ్ళీ మొదలుపెట్టుకోవచ్చు. జీవితాంతం పథ్యం అక్కర్లేదు. చుట్టలు, బీడీలు, సిగరెట్ల మాట వేరు. పొగాకు వలయాన్నీ వదులు చేస్తుంది, లాలాజలాన్నీ తగ్గిస్తుంది. మద్యం తాగడం కూడా ఆ లెక్కలోదే.

ఆఖరి కారణం మనింట్లో మందుల డబ్బాలోనే ఉంటుంది. బీపీకి వాడే ఎమ్లోడిపిన్, నిఫెడిపిన్, గుండెనొప్పికి నాలుక కింద పెట్టే సార్బిట్రేట్, ఆయాసానికి వాడే డెరిఫిలిన్ కండరాలని వదులు చేసే మందులు, ఆ వలయాన్నీ వదులు చేస్తాయి. ఎముకల బలానికిచ్చే అలెండ్రోనేట్, మొటిమలకీ జ్వరాలకీ ఇచ్చే డాక్సీసైక్లిన్ గుక్కెడు నీళ్ళతో వేసుకుని పడుకుంటే అన్నవాహికకి అంటుకుని అక్కడే పుండు చేస్తాయి. మోకాళ్ళ నొప్పులకి రోజూ మింగే డైక్లోఫెనాక్ పొట్టలో పుండు చేస్తుంది. బీపీ మందు సొంతంగా మానెయ్యకండి. "నాకు ఛాతీ మంట ఉందండి, ఇది వాడుతున్నాను" అని డాక్టరుకి చెప్తే మరో రకం రాయగలరు.

ఇప్పుడు అర దగ్గరికి.

ఈనో. 5 గ్రాముల పొట్లంలో దాదాపు సగం తినే సోడా, మిగతాది నిమ్మ ఉప్పు. నీళ్ళలో వెయ్యగానే బుసబుస పొంగుతుంది, తాగిన నిమిషంలో పని మొదలవుతుంది. అరలో ఇంత వేగం మరి దేనికీ లేదు. ఎప్పుడో ఒకసారి పండగ భోజనం ఎక్కువైతే వాడుకోవడానికి పరవాలేదు. తాగగానే పెద్ద త్రేన్పు వచ్చి హాయిగా ఉంటుంది కదా, ఆ త్రేన్పులో ఎక్కువ గాలి ఆ పొట్లం తెచ్చిందే. ఆ గాలి పొట్ట పైభాగాన్ని సాగదీసి తలుపుని మళ్ళీ తెరిపిస్తుంది. పైగా ఒక్కో పొట్లంలో అర గ్రాముకు మించి సోడియం ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకి రోజుకి 2 గ్రాముల సోడియం దాటొద్దంటుంది, అంటే ఒక్క పొట్లంతో నాలుగోవంతు పైనే అయిపోతుంది. బీపీ, గుండె నీరసం, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు, కడుపుతో ఉన్నవాళ్ళు దీని జోలికి పోకూడదు. రోజూ రాత్రి ఒక పొట్లం తాగే అలవాటుంటే అది మందు కాదు, డాక్టరు దగ్గరికి వెళ్ళడం వాయిదా వెయ్యడం. వంటింటి సోడా చిటికెడు నీళ్ళలో కలుపుకునేవాళ్ళకీ ఇదే వర్తిస్తుంది.

డైజీన్, జెలూసిల్ లాంటి జెల్‌లు. వీటిలో అల్యూమినియం, మెగ్నీషియం లవణాలుంటాయి, బుడగలు విరిచే సిమెథికోన్ ఉంటుంది. నమ్మదగిన సరుకే, వాడే పద్ధతి మాత్రం చాలా ఇళ్ళలో తప్పు. పరగడుపున తాగితే పొట్టలోంచి అరగంటలో జారిపోతుంది. తిన్న గంటకి తాగితే అన్నంతో పాటు నిలబడి మూడు గంటల దాకా పనిచేస్తుంది. సీసా బాగా కుదిపి, మూతతో వచ్చే గిన్నెలో 10 మిల్లీలీటర్లు, అంటే రెండు టీ చెంచాలు కొలవండి. సీసా ఎత్తి గటగట తాగితే ఎంత పోయిందో తెలీదు. అల్యూమినియం మలబద్ధకం చేస్తుంది, మెగ్నీషియం విరేచనం చేస్తుంది, అందుకే రెండూ కలిపారు. అయినా ఏదో ఒకవైపు మొగ్గుతుంది. కిడ్నీ జబ్బున్నవాళ్ళలో ఈ రెండు లోహాలూ ఒంట్లో పేరుకుంటాయి, వాళ్ళకి వద్దు. ఇంకో జాగ్రత్త చాలామందికి తెలీదు. థైరాయిడ్ బిళ్ళ, ఐరన్ బిళ్ళ, సిప్రోఫ్లాక్సాసిన్, డాక్సీసైక్లిన్ వీటితో కలిస్తే జెల్ వాటిని పట్టేసుకుని ఒంటికి పట్టనివ్వదు. మిగతావాటికి కనీసం రెండు గంటలు (జెల్ ముందు తాగితే సిప్రోఫ్లాక్సాసిన్‌కి ఆరు గంటలు), థైరాయిడ్ బిళ్ళకి నాలుగు గంటలు ఎడం ఉంచాలి. పొద్దున్నే థైరాయిడ్ బిళ్ళ, వెంటనే జెల్ వేసుకుంటే థైరాయిడ్ రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ అంకె ఎందుకు దిగడం లేదని వెతుక్కోవాల్సి వస్తుంది.

మ్యూకేన్ లాంటి మొద్దుబార్చే జెల్‌ల గురించి ఎక్కువ చెప్పేది లేదు. నొప్పి తెలీకుండా చేస్తాయి, కారణం వెతకవు. డాక్టరు రాసినన్ని రోజులు వాడి ఆపెయ్యాలి.

ఒమెజ్ (ఒమెప్రజోల్), పాన్‌-40 (పాంటోప్రజోల్), రాబెప్రజోల్, ఇసోమెప్రజోల్. ఈ అరలో అసలు మందులు ఇవే. మొదటిదైన ఒమెప్రజోల్ 1988లో అమ్మకానికొచ్చింది. పొట్ట గోడలో ఆమ్లం తోడే పంపుల్లాంటివి ఉంటాయి, ఈ మందు ఆ పంపుకే తాళం వేస్తుంది. ఆమ్లంతో పుండ్లు పడిన అన్నవాహికని మాన్పడంలో దీనిముందు జెల్‌లు ఏ మూలకీ రావు. అయినా "పాన్‌-40 వాడాను, ఏం తగ్గలేదు" అనేవాళ్ళు ఊరికి పదిమంది దొరుకుతారు. వాళ్ళలో ఎక్కువమంది వేసుకున్న వేళే తప్పు.

తాళం పడాలంటే పంపు తిరుగుతూ ఉండాలి. పంపులు తిరిగేది మనం తిన్నప్పుడు. మందు రక్తంలో ఉండేది గంటో రెండు గంటలో. కాబట్టి పొద్దున లేవగానే, ఏమీ తినకముందు, గ్లాసుడు నీళ్ళతో వేసుకుని, అరగంట నుంచి గంటలోపు టిఫిను తినాలి. ఏడున్నరకి బిళ్ళ, ఎనిమిదింటికి ఇడ్లీ అయితే సరిగ్గా కుదురుతుంది. బిళ్ళ వేసుకుని పొలం వెళ్ళిపోయి పదకొండింటికి చద్దన్నం తింటే సగం మందు వృథా. రాత్రి పడుకునేముందు వేసుకుంటే పంపులు నిద్రపోతుంటాయి. రాత్రి మంటే ప్రధానమైతే అదే బిళ్ళని రాత్రి భోజనానికి అరగంట ముందు వేసుకోమని డాక్టర్లు చెబుతారు. బిళ్ళ విరవకూడదు, నమలకూడదు. పైపొర పొట్టలో కరగకుండా పేగులో కరగాలనే పెట్టారు, విరిస్తే ఆమ్లం ఆ మందునే పాడుచేస్తుంది.

రెండో తప్పు మంట లేచినప్పుడు ఒకటి వేసుకోవడం. ఒక్క బిళ్ళతో అన్ని పంపులకీ తాళం పడదు, పూర్తి ఫలితానికి మూడు నుంచి అయిదు రోజులు పడుతుంది. అప్పటికప్పుడు చల్లారాలంటే ఇది పనికిరాదు, దానికి జెల్ ఉంది. మామూలుగా ఎనిమిది వారాలు రోజూ వాడి, తర్వాత తగ్గించి చూస్తారు. ఇక్కడే మూడో తప్పు. ఆపిన కొన్నాళ్ళకే కొందరికి మంట ముందుకంటే గట్టిగా వస్తుంది. అన్నాళ్ళు తాళం వేసినందుకు శరీరం ఆమ్లం తయారు చేసే ఏర్పాటు పెంచుకుంటుంది, తాళం తీయగానే అది పొంగుతుంది. కొన్ని వారాలకి సర్దుకుంటుంది. ఇది తెలీక "ఈ బిళ్ళ లేకపోతే నేను బతకలేను" అనుకుని పదేళ్ళు వాడేస్తారు. రోజు విడిచి రోజు, తర్వాత మూడు రోజులకోసారి చేసుకుంటూ, మధ్యలో మంటకి జెల్ వాడుకుంటూ దిగొచ్చు.

అందరూ ఆపాలని కాదు. ఎండోస్కోపీలో తీవ్రమైన పుండ్లు కనబడినవాళ్ళు, ఆమ్లం తగిలి తగిలి అన్నవాహిక లోపలి పొరలో వచ్చే బారెట్స్ అనే మార్పు ఉన్నవాళ్ళు, పొట్టలో రక్తస్రావం అయినవాళ్ళు, గుండెకి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ కలిపి వాడేవాళ్ళు డాక్టరు చెప్పకుండా మానకూడదు. క్లోపిడోగ్రెల్ వాడేవాళ్ళకి ఒమెప్రజోల్, ఇసోమెప్రజోల్ వద్దు, ఆ మందు పనిని అవి తగ్గిస్తాయి. పాంటోప్రజోల్ మేలు. ఏళ్ళ తరబడి వాడేవాళ్ళకి బీ12, మెగ్నీషియం తగ్గొచ్చు, వాటికి అప్పుడప్పుడు రక్తపరీక్ష చేయించుకోవాలి. "కిడ్నీలు పోతాయట" అని వాట్సాప్‌లో చూసి అవసరమైన మందు మానేసిన మనిషికి జరిగే నష్టం పెద్దది. అవసరం లేకుండా వాడటమూ మంచిది కాదు. కంపెనీ పేరుకి ఎక్కువ ఖర్చు పెట్టక్కర్లేదు, జన ఔషధి కేంద్రంలో పాంటోప్రజోల్ 40 మిల్లీగ్రాములదే చాలా తక్కువకి దొరుకుతుంది.

ఈ మందుతోనూ తీరనిది ఒకటుంది. తలుపు బాగుపడదు. పైకొచ్చేది వస్తూనే ఉంటుంది, కాకపోతే అందులో ఆమ్లం తగ్గి మంట తెలీదు. వంగగానే నోట్లోకి నీళ్ళు, తిన్నది గొంతులోకి రావడం లాంటివి బిళ్ళతో పూర్తిగా పోవు. మాత్ర మోతాదు రెట్టింపు చేసినా పోవు. అక్కడ తిండి వేళ, నడుం కొలత, మంచం వాలు చూసుకోవాలి.

పాన్‌-డి గురించి గట్టిగానే చెప్పాలి. జనం దీన్ని పాన్‌-40కి కాస్త బలమైన తమ్ముడనుకుంటారు. కాదు. ఇందులో పాంటోప్రజోల్ 40 మిల్లీగ్రాములతో పాటు నెమ్మదిగా విడుదలయ్యే డోంపెరిడోన్ 30 మిల్లీగ్రాములుంది. అది వాంతి మందు, పొట్టని కిందికి తోసే మందు. గుండె కొట్టుకునే లయని చెడగొట్టే ప్రమాదం ఉందని 2014లో యూరప్ ఔషధ సంస్థ దీన్ని వికారం, వాంతులకి మాత్రమే, రోజుకి 30 మిల్లీగ్రాములు దాటకుండా, మామూలుగా వారానికి మించకుండా వాడమంది. మన దగ్గర అదే 30 మిల్లీగ్రాములని ఉత్త ఛాతీ మంటకి సంవత్సరాలు మింగుతున్నారు. అరవై దాటినవాళ్ళలో, గుండె జబ్బున్నవాళ్ళలో, అజిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్, ఫ్లుకొనజోల్ లాంటివి కలిపి వాడుతున్నవాళ్ళలో ఆ ప్రమాదం పెరుగుతుంది. కొందరు ఆడవాళ్ళకి బిడ్డ లేకుండానే పాలు పడతాయి, నెలసరి తప్పుతుంది, కారణం దొరక్క స్కానింగుల చుట్టూ తిరుగుతారు. వికారమూ వాంతులూ లేకపోతే డి అక్షరం ఉన్నది అడగకండి, ఇచ్చినా తీసుకోకండి. లెవోసల్పిరైడ్ (ఇదీ పొట్టని కిందికి తోసే మందే) కలిసిన రాబెప్రజోల్ క్యాప్సూళ్ళ మీద కూడా అంతే జాగ్రత్త ఉండాలి. పెద్ద వయసువాళ్ళలో కొందరికి వాటివల్ల చేతులు వణకడం, నడక నెమ్మదించడం మొదలవుతుంది, ఇంట్లోవాళ్ళు ముసలితనం అనుకుంటారు.

గ్యాస్ ఇంజెక్షన్ అడిగి వేయించుకునే అలవాటు ఊళ్ళల్లో ఉంది. నోటితో మింగగలిగిన మనిషికి బిళ్ళకంటే సూది ఎక్కువ చేసేదేమీ లేదు. రక్తం కక్కుకున్నప్పుడు, వాంతులు ఆగనప్పుడు ఆసుపత్రిలో వేసేది అది.

రానిటిడిన్ ఇప్పుడు కొనక్కర్లేదు. అందులో ఎన్‌డీఎంఏ అనే, క్యాన్సరు తేవచ్చని అనుమానించే మాలిన్యం తయారవుతుందని 2020 ఏప్రిల్‌లో అమెరికా దాన్ని మార్కెట్ నుంచి తీసేయమంది. మన దేశంలో 2022 సెప్టెంబరులో అత్యవసర మందుల జాబితా నుంచి తీసేశారు. దాని వరస మందే ఫామోటిడిన్, 20 లేదా 40 మిల్లీగ్రాములు. పెళ్ళి భోజనానికి వెళ్ళబోయే గంట ముందు వేసుకుంటే బాగా పనిచేస్తుంది. రోజూ వాడితే ఒకటి రెండు వారాల్లో పని తగ్గిపోతుంది.

గావిస్కాన్ ఈ అరలో తక్కువమంది అడిగేది, మా లెక్కలో ఎక్కువమంది అడగాల్సింది. తలుపు దగ్గర ఏదైనా చేసే సరుకు ఇదొక్కటే. గోధుమరంగు సముద్రపు నాచు నుంచి తీసిన ఆల్జినేట్ ఇందులో ముఖ్యం. పొట్టలో ఆమ్లం తగలగానే అది జిగురుగా గడ్డకడుతుంది, అందులో ఉన్న సోడా వదిలే గాలి బుడగలు దాన్ని పైకి తేలుస్తాయి. చెరువు మీద గుర్రపుడెక్క తేలినట్టు అన్నం పైన తెప్పలా పరుచుకుంటుంది. తిన్న తర్వాత ఆమ్లం పొట్ట పైభాగంలో, సరిగ్గా తలుపు కిందనే గుమికూడుతుంది. ఆ తెప్ప అక్కడే కూర్చుంటుంది, పైకొస్తే ముందు అదే వస్తుంది. భోజనం అయ్యాక వెంటనే 10 మిల్లీలీటర్లు, అవసరమైతే 20, మళ్ళీ పడుకునేముందు ఒకసారి. ముఖ్యమైన సంగతి, తాగాక నీళ్ళు తాగకూడదు, మజ్జిగ తాగకూడదు, తెప్ప చెదిరిపోతుంది. పరగడుపున తాగితే తేలడానికి ఆధారం లేక జారిపోతుంది. కడుపుతో ఉన్నవాళ్ళకి డాక్టర్లు మొదట ఆలోచించేవాటిలో ఇదొకటి. ఇందులోనూ సోడియం ఉంది, ఉప్పు మానమన్నవాళ్ళు అడిగి వాడాలి.

అర బయట ఉన్నవాటి మాట కూడా. చల్లటి పాలు కాసేపు చల్లబరుస్తాయి, తర్వాత వాటిలోని మాంసకృత్తులూ కాల్షియమూ ఇంకాస్త ఆమ్లాన్ని ఊరిస్తాయి. రాత్రి పడుకునేముందు గ్లాసుడు పాలు తాగడం మంట ఉన్నవాళ్ళకి మంచిది కాదు. కొబ్బరిబొండం హాయిగా ఉంటుంది, గొంతులో మిగిలిన ఆమ్లాన్ని కడుగుతుంది, అంతకుమించి మందేమీ కాదు. సోంపు నమిలితే లాలాజలం ఊరి కొంత మేలు. వక్క మాత్రం వద్దు, అది నోటి క్యాన్సరు తెచ్చే సరుకు.

ఈ అర దగ్గర ఆగకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్ళాల్సినవాళ్ళున్నారు. ముద్ద ఛాతీలో ఆగుతున్నట్టుంటే, మింగితే నొప్పి పుడితే, విరేచనం తారులా నల్లగా వస్తే, రక్తం పడితే, కారణం లేకుండా బరువు తగ్గితే, అరవై దాటాక మొదటిసారి మంట మొదలైతే ఎండోస్కోపీ చేయించాలి. నడిస్తే వచ్చి ఆగితే తగ్గే మంట, చెమటలు, దవడకో ఎడమ చేతికో పాకే బరువు, ఆయాసం ఉంటే అది గ్యాస్ అనుకుని ఈనో కలపకండి. ముందు ఈసీజీ. గుండెపోటుని గ్యాస్ అనుకుని రాత్రంతా సోడా తాగించిన ఇళ్ళు ఈ డెల్టాలో తక్కువేమీ కాదు.

ఎండోస్కోపీ బాగానే ఉందన్నారని మీ మంట అబద్ధం కాదు. మంట ఉన్నవాళ్ళలో మూడింట రెండొంతుల మందికి దాకా పుండ్లేమీ కనబడవు. ఎనిమిది వారాలు సరైన వేళకి బిళ్ళ వాడినా తగ్గకపోతే 24 గంటల పీహెచ్ పరీక్ష అడగొచ్చు (పీహెచ్ అంటే ఆమ్లం కొలత, అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ). పెద్ద నగరాల్లోని గ్యాస్ట్రో ఆసుపత్రుల్లో చేస్తారు. ముక్కులోంచి సన్నటి తీగ దించి వలయానికి 5 సెంటీమీటర్లు పైన ఉంచుతారు. అక్కడ పీహెచ్ 4 కంటే తక్కువగా ఉన్న సమయం రోజులో 6 శాతం దాటితే, అంటే సుమారు 86 నిమిషాలు, ఆమ్లమే కారణమని ఖాయం. 4 శాతం లోపుంటే మామూలే. అప్పుడు ఇబ్బంది నరాల సున్నితత్వంలో ఉందని, ఆ దారిలో వైద్యం చేస్తారు, పాన్‌-40 షీట్లు మార్చుకుంటూ పోరు.

ఇక మంచం కాళ్ళ కింద పెట్టే ఇటుకలు. ఏ కంపెనీ అమ్మదు కాబట్టి ఎవరూ చెప్పరు. తలవైపు మంచం 15 నుంచి 20 సెంటీమీటర్లు ఎత్తితే రాత్రి పైకొచ్చింది తిరిగి కిందికి జారుతుంది. మన ఇటుక మూడంగుళాల మందం, తలవైపు రెండు కాళ్ళ కిందా రెండేసి పెడితే ఆరంగుళాలు. మూడు దిండ్లు పెట్టుకోవడం దీనికి బదులు కాదు. తల మాత్రం లేచి నడుం దగ్గర మడత పడుతుంది, పొట్ట నలిగి ఇంకా తోస్తుంది. నవారు మంచం, నులక మంచం అయితే మధ్యలో కుంగి అదే మడత పడుతుంది, ముందు నవారు బిగించాలి లేదా గట్టి చెక్కమంచం మీదికి మారాలి. ఆన్‌లైన్‌లో అమ్మే వాలు దిండు కొనదలిస్తే తల నుంచి నడుం దాకా వచ్చే పొడవుండాలి, ఎత్తు ఏడెనిమిది అంగుళాలు, అరచేత్తో గట్టిగా నొక్కితే సగానికి మించి దిగకూడదు. మెత్తగా ఉన్నది నెలకే చదునవుతుంది. ఎడమవైపు తిరిగి పడుకోండి, అప్పుడు పొట్ట సంచి తలుపు కంటే కిందికి ఉంటుంది. కుడివైపు తిరిగితే తలుపు ఆమ్లంలో మునుగుతుంది. ఇటుకల మీద మంచం కాలు జారకుండా పాత సైకిల్ టైరు ముక్క ఒకటి వెయ్యండి, ఇద్దరు పడుకునే మంచమైతే పక్కవాళ్ళకి ముందే చెప్పండి, మొదటి నాలుగు రాత్రులూ కాళ్ళవైపు జారుతున్నట్టే ఉంటుంది.